మూస్ పర్మిటూ, యాభై ఇత్తడి గుల్లలూ

కిందటేడు ఆగస్టు ఆఖరు నుంచి నవంబరు ఆఖరు దాకా మా వంటింటి బల్ల మీద మేం భోజనం చేయలేదు. ఆ మూడు నెలలూ అది మా ఆయన సామ్రాజ్యం. ఒక అంచుకు తూటాలు కట్టే ప్రెస్సు బిగించాడు. మధ్యలో పాత దుప్పటి పరిచాడు. దాని మీద వేలెడేసి ఖాళీ ఇత్తడి తూటా గుల్లలు యాభై, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా వరసకట్టి పెట్టాడు. మేమిద్దరం సోఫాలో కూర్చుని ఒళ్ళో పళ్ళాలు పెట్టుకుని తిన్నాం. పొరపాటున నా కాఫీ కప్పు ఆ బల్ల మీద పెట్టానా, "వెర్నా! ఆవిరి!" అని కేక. కాఫీ ఆవిరికి ఇత్తడి ఏమైపోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఒక ఉత్తరంతో మొదలైంది. అమెరికాలో మా మోంటానా రాష్ట్రంలో మూస్ అనే భారీ దుప్పిని ఎవరు పడితే వాళ్ళు వేటాడటానికి లేదు. లాటరీలో పేరు రావాలి. వస్తే ఒక్కదాన్ని కొట్టొచ్చు, ఆ తర్వాత ఏడేళ్ళ దాకా మళ్ళీ దరఖాస్తే పెట్టకూడదు. నేను ఇరవై ఆరేళ్ళు వరసగా పేరు పంపాను. మా నాన్న నలభై ఏళ్ళు పంపి, ఒక్కసారీ రాకుండానే పోయాడు. పోతూ తన రైఫిల్ నాకిచ్చాడు. జూన్‌లో ఉత్తరం విప్పితే నా పేరు మీద పర్మిట్. నాకప్పుడు అరవై ఆరేళ్ళు. ఇంకో ఏడేళ్ళకు నా మోకాళ్ళు మంచులో ఎంత దూరం నడుస్తాయో నాకు బాగా తెలుసు, గేటు దగ్గర ఉత్తరాల డబ్బా దాకా. కాబట్టి నాకు ఇదే మొదటి మూస్, ఇదే ఆఖరిది. సెప్టెంబరు పదిహేను నుంచి, నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి ఆదివారం దాకా గడువు.

ఉత్తరం పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. మా ఆయన ఎల్డన్ నన్ను వాటేసుకున్నాడు. కళ్ళు కూడా చెమ్మగిల్లాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని అన్న మాట ఇది.

"అయితే కొత్త గుల్లలు తెప్పించాలి."

"ఉన్నవాటికేం రోగం?"

"ఎన్నిసార్లు పేల్చామో లెక్కలేదు. మెడల దగ్గర చీలికలొస్తున్నాయి."

"హార్డ్‌వేర్ కొట్టులో తూటాల డబ్బాలు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి కదయ్యా. ఒకటి తెచ్చేసుకుంటే పోదూ?"

వాళ్ళమ్మ అంత్యక్రియలకు కొట్టులో కొన్న కేకు పట్టుకెళ్దామన్నట్టు చూశాడు నా వంక. మా వైపు తన మీద తనకు గౌరవమున్న వేటగాడెవడూ తూటా కొనడు. గుల్ల అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ తనే కూరుస్తాడు, తుపాకీ మందు తనే తూచి పోస్తాడు, మూతిలో గుండు తనే కూర్చోబెడతాడు. మా ఆయన అందులో ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివాడు.

ఆ మనిషి సంగతి చెప్పాలి. ఎల్డన్ బ్రెక్కె ముప్పై నాలుగేళ్ళు మా కౌంటీకి, అంటే జిల్లాకి, గ్రేడర్ తోలాడు. కంకర రోడ్లు చదును చేసే బండి అది, శీతాకాలంలో మంచు కూడా దాంతోనే నెట్టేవాడు. కళ్ళు మూసుకుని కార్లో కూర్చున్నా ఎల్డన్ రోడ్డు ఎక్కడ అయిపోయిందో, పక్కవాడి రోడ్డు ఎక్కడ మొదలైందో మా నడుములు చెప్పేవి. రోజుకు ఇన్ని మైళ్ళు చేయాలని పై అధికారి ఒకాయన గదమాయిస్తే, "ఒకసారి చేస్తే చాలా, రెండుసార్లు చేయమంటారా?" అని అడిగాడట. ఆయన మళ్ళీ రాలేదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి ఈ మహానుభావుడికి రెండేళ్ళు పట్టింది. నేనే విసిగిపోయి, "అడగాల్సింది ఏమైనా ఉంటే క్రిస్మస్ లోపల అడుగు, తర్వాత నేను బిల్లింగ్స్ పట్నంలో ఉద్యోగానికి పోతున్నా" అన్నాను. డిసెంబరు ఇరవై నాలుగో తేదీ సాయంత్రం అడిగాడు. మా కాపురమంతా ఇంతే. నేను తరుముతాను, తను నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు.

అమ్మేవాళ్ళ దగ్గర సరుకు లేక గుల్లలు వచ్చేసరికే ఆగస్టు దాటబోయింది. సంచి విప్పగానే నా ప్రాణం లేచి వచ్చింది. కొత్తగా, పచ్చగా మెరిసిపోతున్నాయి.

"హమ్మయ్య. ఇక మందు పోసి గుండు పెట్టేయడమేగా?"

"ఇల్లు అలకగానే పండగా, వెర్నా? ఇవి కొత్తవి. తయారైనవి కావు."

"కొత్తవాటికి మళ్ళీ తయారేంటి?"

"దారి పొడుగునా సంచిలో ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వచ్చాయి. దీని మూతి చూడు, గుండ్రంగా ఉందా? కోడిగుడ్డులా ఉంది. ఇందులో గుండు నిటారుగా ఎలా కూర్చుంటుంది?"

"నా మూతీ కోలగానే ఉంది. నాలుగు ముద్దలు నేరుగానే పోతున్నాయి."

నవ్వాడు. నవ్వుతూనే కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం తగిలించుకున్నాడు.

ఇక చూడండి. మొదటి వారమంతా కడగడం, ఆరబెట్టడం. రెండో వారం ఒక్కోదాన్నీ ప్రెస్సులో ఉన్న ఉక్కు అచ్చులోకి తోసి లాగడం, సొట్టలు పోయి ఒకే రూపుకు రావాలట. అచ్చులో పెట్టే ముందు ఒక్కో గుల్లనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని మెల్లగా నిమిరేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నన్ను అంత ఓపిగ్గా నిమిరిన పాపాన పోలేదు. ఆ మాట పైకే అన్నాను. "నీకు సొట్టల్లేవుగా" అన్నాడు.

మూడో వారం పొడవులు కొలవడం, ఎక్కువున్న మూతి కోయడం, కోసిన అంచులు లోపలా బయటా చెక్కడం. ఆ పని చేస్తుంటే వచ్చే కరకర శబ్దం నా పళ్ళల్లోకి పాకేది. తర్వాత త్రాసు. బరువులో వెంట్రుకవాసి తేడా ఉన్నదాన్నల్లా తీసి కాఫీ డబ్బాలో పడేశాడు. యాభైలో ముప్పై ఒకటి మిగిలాయి.

"ఎల్డన్, నేను కొట్టబోయేది ఒక్క మూస్. దానికి ముప్పై ఒకటెందుకు?"

"ఒక్కటే చాలు. ఆ ఒక్కటి ఏదో ముందే తెలియదుగా."

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది కిటికీ పని. పగటి వెలుతురు బాగా ఉన్నప్పుడు ఒక్కో గుల్లనూ కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, మూతిలోంచి లోపలికి చూసేవాడు. అడుగున మందుకు నిప్పు అందే కన్నం ఒకటుంటుంది, గుండుసూది తలంత. దాన్ని చూసేవాడు. చూసిందాన్ని పక్కన పెట్టి, మళ్ళీ తీసి మళ్ళీ చూసేవాడు.

"అందులో ఏం కనిపిస్తోందయ్యా, స్వర్గమా?"

"వెలుతురు" అన్నాడు. అంతే.

సెప్టెంబరు పదిహేను వచ్చింది, వెళ్ళింది. అక్టోబరు వచ్చింది. అప్పుడు కొలత పరికరంలో బ్యాటరీ అయిపోవస్తోందని కనిపెట్టాడు. అంటే పాత కొలతలన్నీ అనుమానమేనట. అచ్చు బిగింపు కూడా అనుమానమేనట. ముప్పై ఒకటీ తుడిచి మళ్ళీ మొదటి నుంచి! నేను పెరట్లోకి వెళ్ళి, ఎవరూ లేరని చూసుకుని, గట్టిగా అరిచి లోపలికి వచ్చాను. ప్రభుత్వం పర్మిట్ ఇచ్చింది గానీ మా ఆయన ఇవ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదీ నా గతి.

ఇంకోపక్క గస్ ఫోన్లు. గస్ లండీన్ అని మా పొరుగు పశువుల ఆసామి. వాళ్ళ పచ్చికలోంచి పారే వాగు ఒడ్డున విల్లో పొదల్లో ఒక మగ మూస్ మకాం పెట్టింది.

"వెర్నా, నీ మూస్ ఇవాళ కూడా వచ్చింది. నిన్నడిగింది."

"కాస్త ఆగమను, మా ఆయన ఇంకా మూతులు చెక్కుతున్నాడు."

"మంచు పడిందంటే అది కొండెక్కేస్తుంది, తర్వాత నీ ఇష్టం. సరేగానీ ఈసారైనా 'టిక్' మనదు కదా?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

టిక్ కథ నాదే. మా ఊళ్ళో దాన్ని నాకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ఆరేళ్ళ కిందట అరవై అడుగుల దూరంలో పెద్ద మగ ఎల్క్ దుప్పి నా ఎదురుగా నిలబడింది, చెట్టు కొమ్మలంతేసి కొమ్ములతో. గురి పెట్టాను, మీట నొక్కాను. మా ఆయన కట్టిన తూటా "టిక్" అంది. ఎల్క్ నా వంక చూసింది, నేను ఎల్క్ వంక చూశాను, అది సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఎల్క్ మొహం ఎలా పెట్టిందో నేను అభినయించి చూపిస్తే చర్చి విందులో జనం కుర్చీల మీంచి జారిపోతారు. పెళ్ళిళ్ళలో చెప్పాను. ఎల్డన్ పదవీ విరమణ సభలో చెప్పాను. ప్రతిసారీ అందరికన్నా ముందు ఎల్డనే నవ్వేవాడు.

నవంబరు పదో తేదీన నా సహనం చచ్చింది. హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళి తూటాల డబ్బా కొనుక్కొచ్చి బల్ల మీద టపీమని పెట్టాను. ఎల్డన్ దాన్ని చూశాడు.

"సరే. మంచివే అవి" అన్నాడు.

అరిచినా బాగుండేది. భూతద్దం తీసేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నాడు. పరాయివాడి కోటు మా ఇంట్లో వేలాడుతున్నట్టు అనిపించింది నాకు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మా ఫ్రీజర్లో మాంసమంతా ఈ చేతులు కట్టిన తూటాలదే. అయినా జాలి ఒక్కటే కాదు, నాలుగువందల కిలోల జంతువును కోసి మోయాలంటే ఈ మనిషి నాకు కావాలి. డబ్బా తీసి అలమరలో పెట్టేశాను. రెండో రోజుకు మళ్ళీ భూతద్దం ఎక్కింది.

థాంక్స్‌గివింగ్‌కు పది రోజులుందనగా ఎల్డన్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రానూపోనూ నాలుగు గంటలు. బల్ల మీద ఇంకా పన్నెండు గుల్లలు రెండోసారి అచ్చులోకి వెళ్ళాల్సి ఉన్నాయి. మూడు నెలలుగా చూస్తున్నాను, ఇదేం బ్రహ్మవిద్యా? గుల్ల పెట్టాలి, మీట దించాలి, ఎత్తాలి. ఆయన వచ్చేసరికి పన్నెండూ అయిపోవాలని ప్రెస్సు ముందు కూర్చున్నాను. నిమరడం మాత్రం నావల్ల కాదనుకున్నాను.

మొదటి గుల్ల పెట్టి మీట దించాను. కాస్త బిగువుగా వెళ్ళింది. ఎత్తబోతే మీట కదల్లేదు. రెండు చేతులతో పట్టాను. కదల్లేదు. లేచి నిలబడి, బల్లకు కాలు తన్నిపెట్టి, మా అమ్మానాన్నలను తలుచుకుని లాగాను. టప్పుమంది. మీట లేచింది. గుల్ల మాత్రం అచ్చులోనే ఉండిపోయింది, దాని అడుగు అంచు చీరుకుని చేతికి వచ్చింది. ఆదిలోనే హంసపాదంటే ఇదే. పన్నెండు మాట దేవుడెరుగు, ఇక ఆ అచ్చులో ఏ గుల్లా పట్టదు.

దవడ మొద్దుబారి, మొహం ఒకవైపు వాచి, ఎల్డన్ ఇంటికొచ్చాడు. నేను బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను. ఆయన ప్రెస్సు వంక చూశాడు, నా వంక చూశాడు, వంగి అచ్చు కిందనుంచి చూశాడు.

"జిడ్డు రాశావా?"

"ఏ జిడ్డు?"

జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి చూపించాడు. తెల్లటి మైనంలాంటిది. అప్పుడు నాకు వెలిగింది. ఆయన మూడు నెలలూ వేళ్ళ మధ్య నిమిరింది ముద్దుకు కాదు, జిడ్డు పూయడానికి. అది లేకపోతే ఇత్తడి ఉక్కును కరుచుకుపోతుందట.

"తిట్టు ఎల్డన్. తిట్టేయ్, ఒక పనైపోతుంది" అన్నాను. నాకు ఏడుపొచ్చేస్తోంది. "నీ చాదస్తం భరించలేకే ఇలా చేశాను. గడువైపోతోంది. ఇరవై ఆరేళ్ళు చూశాను దీని కోసం. నన్ను తీసుకెళ్ళడం ఇష్టం లేకపోతే ఆ మాటేదో చెప్పు."

ఆయన తిట్టలేదు. కిటికీ గూట్లో పూలకుండీ వెనక చెయ్యి పెట్టి, ఒక గుల్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. నల్లబడిపోయిన పాత గుల్ల.

"వెలుతురుకు ఎత్తి చూడు."

ఎత్తాను. ఒక కన్ను మూసి చూశాను. లోపల చీకటి. అడుగున కన్నం లేదు.

"నీ ఎల్క్ ముందు టిక్ మన్నది ఇదే" అన్నాడు, వాచిన నోటితో మెల్లగా. "వెయ్యింటికి ఒకటి ఇలా వస్తుందట, ఫ్యాక్టరీలో కన్నం పొడవడం మర్చిపోయి. ఇంటికొచ్చాక గుండు ఊడదీసి చూశాను. బిళ్ళ పేలింది, మందుకు నిప్పు అందలేదు. ఆరోజు కూడా కొత్త సంచే. ఉన్న తూటాలు చాలవని వేటకు ముందురోజు హడావిడిగా కట్టాను. అచ్చులోకి తోయలేదు. తోసి ఉంటే అందులో సూది అడుక్కు తగిలి అక్కడే తెలిసిపోయేది. చూడలేదు కూడా. సంచిలోంచి తీసినవి తీసినట్టే కట్టేశాను."

నాకు గుర్తొచ్చింది. ఆరోజు నేను ఆయన నెత్తి మీద నిలబడి ఉన్నాను. "కొత్తవేగా, ఇంకా ఏం చూస్తావు, కానివ్వు" అని తరిమింది నేనే. అదే మాట, అదే బల్ల. ఆ ముక్క వదిలేసి, ఆరేళ్ళపాటు మిగతా కథంతా ఊరంతా తిప్పి నవ్వించాను.

"నేను తొందరపెట్టానని ఒక్కసారైనా అనలేదేం?"

"నువ్వు పెట్టావు, నేను పడ్డాను. పడింది నేనేగా."

"మరి నేనా కథ చెప్పినప్పుడల్లా నవ్వేవాడివి."

"నువ్వు బాగా చెప్తావు" అన్నాడు ఎల్డన్. "కానీ వెర్నా, మీ నాన్న నలభై ఏళ్ళు చూసిన మూస్ ఇది. దీని ముందు కూడా టిక్ మంటే నేనిక నీ మొహం చూడలేను."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరంతా మంచిదే అయింది, ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి తప్ప. నాకు సిగ్గేసింది. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. "సర్లే, ముందు ఈ ఇరుక్కున్నదాన్ని తీద్దాం" అన్నాడు.

అది తీయడానికి రెండు రోజులు పట్టింది. అడుగున తొలిచి, మర వేసి, బోల్టు బిగించి లాగాడు. నేను దీపం పట్టుకున్నాను, నోరు మూసుకున్నాను. రెండోది ఎక్కువ కష్టమైంది. తర్వాత మిగిలిన పదకొండింటికీ నేనే జిడ్డు రాశాను, నిమిరి నిమిరి. ఆయన అచ్చులోకి తోశాడు. ఆఖరికి ముప్పై గుల్లలూ నా ముందు పెట్టి, "నువ్వు చూడు" అన్నాడు. ఒక్కొక్కటే కిటికీకి ఎత్తి చూశాను. ముప్పైలోనూ అడుగున ఆవగింజంత వెలుతురు. ఎందుకైనా మంచిదని మళ్ళీ ఒకసారి చూశాను. ఎల్డన్ గడియారం చూసుకుని దగ్గాడు.

థాంక్స్‌గివింగ్ ఉదయం పండగ టర్కీ కోడిని పొయ్యిలో పడేసి, కౌంటీ కంకర గోతి దగ్గరికి వెళ్ళి నాలుగు పేల్చి గురి సరిచూసుకున్నాం. శుక్రవారం మంచు కుమ్మేసింది. శనివారం గస్ పచ్చికలో వాగు ఒడ్డున మోకాలిలోతు మంచులో నిలబడ్డాం. మూస్ అప్పటికి కొండెక్కి ఉండాలి. ఉదయమంతా ఏమీ కనిపించలేదు. నా బూట్లలోకి మంచునీళ్ళు దిగాయి. ఇక ఆదివారం ఒక్కటే మిగిలిందనుకుంటుండగా పొదలు కదిలాయి. గుర్రం కన్నా ఎత్తుగా, నల్లగా, పారల్లాంటి కొమ్ములేసుకుని అది బయటికొచ్చింది. ఎనభై అడుగులు కూడా లేదు.

రైఫిల్ ఎత్తాను. పక్కన ఎల్డన్ మూస్‌ను చూడటం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

మీట నొక్కాను. లోయంతా దద్దరిల్లింది. మూస్ రెండడుగులు వేసి, ముందుకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగింది. కాసేపటికి గాని అది నాదని నా బుర్రకు ఎక్కలేదు. మా నాన్న గుర్తొచ్చాడు. వెనక్కి తిరిగితే ఎల్డన్ మంచులో చతికిలబడి ఉన్నాడు, అరవై తొమ్మిదేళ్ళ మనిషి, కాళ్ళు చాపుకుని.

రైఫిల్ బోల్టు లాగితే ఖాళీ గుల్ల మంచులో పడి సుయ్యిమంది. ఆయన దాన్ని తవ్వి తీసి, తుడిచి, నా అరచేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఒకసారి పేలాక గుల్ల ఉబ్బి, సరిగ్గా ఆ తుపాకీలో తూటా కూర్చునే గది కొలతకు తయారవుతుంది" అన్నాడు. "మనం మూడు నెలలు చేసిందంతా దీన్ని ఇంతవరకు తీసుకురావడానికే. ఇప్పుడిది మీ నాన్న తుపాకీది."

క్రిస్మస్ ముందు చర్చి విందులో, భోజనాలయ్యాక గస్ చెంచాతో గ్లాసు కొట్టాడు. "వెర్నా, టిక్ కథ చెప్పు! మూస్ కొట్టావు కాబట్టి ఇంకా రుచిగా ఉంటుంది." అందరూ కుర్చీలు తిప్పుకున్నారు. ఎల్డన్ అలవాటు ప్రకారం నవ్వడానికి సిద్ధమై కూర్చున్నాడు.

"ఆ కథలో మొదటి ముక్క ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు" అన్నాను. "తూటా కడుతున్న మనిషిని నిలబడి తరిమింది నేను." నవ్వు రాలేదు ఎవరికీ. సరే అని, జిడ్డు రాయకుండా గుల్లను అచ్చులో ఇరికించి, బల్లకు కాలు తన్నిపెట్టి, మీట పట్టుకుని వేలాడిన ఘనురాలి కథ మొదలుపెట్టాను. అభినయంతో సహా. జనం కుర్చీల మీంచి జారిపోయారు.

ఈసారి ఎల్డన్ అందరికన్నా ఆఖరున నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత చెయ్యెత్తి, "అది రెండు రోజులు కాదు, రెండు రోజుల మూడు గంటలు పట్టింది తీయడానికి" అని అందరి ముందూ సరిదిద్దాడు. ఈ మనిషితో నేను ఎలా వేగను?